చిరగని నోటు

హరారేలో, ఎంబారే బజారు గేటు పక్కన
టమాటా బుట్టలకూ బస్సుల పొగకూ మధ్య
మూరెడు బల్ల నాది.
చిరిగిన డాలర్లు అతికిస్తాను.

చెమటకు మెత్తబడ్డవి, ఎలుక రుచి చూసినవి,
బూటు అడుగున నడిచి నడిచి మనిషి వాసన పట్టినవి.
ఒకసారి, మొగుడూ పెళ్లామూ చెరో కొస లాగగా
రెండిళ్లకు వెళ్లిపోయిన ఒకే నోటు.
పిండి, నిమ్మరసం, కాస్త ఓపిక,
నా జిగురులో ఇంకేమీ లేదు.
కాగితం కలిస్తే విలువ దానంతటదే తిరిగొస్తుందని
ఇరవై ఏళ్లు నమ్మాను.

పోయినేడు కొత్త నోట్లొచ్చాయి.
పట్టుకుంటే నోటే, మడిచినా నోటే.
లోపల మాత్రం చీమ తలంత చిప్పు,
మూలన గోరంత వెండి పూత,
పూత కింద ఒక రహస్య సంఖ్య.
గీకనంత కాలం రొక్కంలా చేతులు మారుతుంది.
గీకితే డబ్బు ఎవరి ఫోన్లోకో దూకేస్తుంది,
గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలా
కాగితం మిగులుతుంది.

ఫోను ఆనించి అడిగితే
ఎక్కడెక్కడో వేల యంత్రాలు
ఒకే చిట్టా తెరిచి ఒకే మాట చెబుతాయట.
అందులో కొట్టివేతలుండవు,
లంచం తిని పేజీ చింపే గుమాస్తా ఉండడు.
మంచిదే అనుకున్నాను.
పద్నాలుగు సున్నాల నోటుతో రొట్టె దొరక్క
అదే నోటుతో మా అమ్మ పొయ్యి రాజేసింది,
నాకు చిట్టాల మీద పగ ఎందుకుంటుంది?

నిన్న ముచానేటా అవ్వ వచ్చింది.
నడుముకు చుట్టిన బట్ట కొసన ముడి విప్పి
ఇరవై నోటు బల్ల మీద పెట్టింది.
"మూల కాస్త లేచింది నాయనా, అతికించు.
శనివారం చావుల సంఘానికి కట్టాలి."

నోటు నున్నగా ఉంది. ఒక్క చిరుగు లేదు.
ఊరికే, అలవాటుగా, ఫోను ఆనించాను.
*ఖాళీ. గురువారం రాత్రి తొమ్మిదీ పద్నాలుగు.*

చిల్లిగవ్వకు కూడా చిల్లి కనబడుతుంది.
దీనికి అదీ లేదు.

అవ్వకు చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.
"ఎవరు తీశారో నీ పుస్తకం చెబుతుందా?"
నిమిషం తెలుసు దానికి, అవ్వా.
చెయ్యి తెలియదు.

వెండి పూతను వేలితో తడిమాను.
గీకి, మళ్లీ అంటించారు. ఎంత శ్రద్ధగానో.
అంచు దగ్గర జిగురు పలచగా, మధ్యలో చిక్కగా,
ఆరాక వేలిగోరుతో ఒక్క రుద్దు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మకాయ వాసన.

అలా రుద్దడం నేర్పింది నేనే.
అవ్వ మనవడు కుజీవా, పదిహేనేళ్లవాడు,
రెండు వానాకాలాలుగా నా బల్ల కింద కూర్చుని
నా గిన్నె కలుపుతున్నాడు.
కుజీవా అంటే మా భాషలో తెలియడం.

అవ్వ నా ముఖం చూస్తూనే ఉంది.
గురువారం రాత్రి కరెంటు పోయిందని,
కొవ్వొత్తి ఎవరో ఆమె గదిలోంచి పట్టుకెళ్లారని
నన్నడగలేదు, తనకు తనే చెప్పుకుంది.
తర్వాత నెమ్మదిగా అడిగింది:
"ఆ పుస్తకంలో ఎవరైనా ఏమైనా తుడవొచ్చా?"
లేదవ్వా.
"పోనీ, పక్కన ఇంకో ముక్క రాయొచ్చా? నా మాటగా?"

వేల యంత్రాల్లో దేనికీ ఆ గడి లేదు.

"సరే, ఆ మూల అతికించు" అంది.
అతికించాను. ఇంతకంటే బాగా ఏ నోటూ అతికించలేదు.
కూలి వద్దంటే రెండు టమాటాలు పెట్టి
వట్టి నోటును మళ్లీ ముడేసుకుని
బస్సులవైపు నడిచింది.

రాత్రి పొద్దుపోయాక పిండి నానబెట్టాను.
రేపు ఏడింటికి వాడొస్తాడు.
గిన్నె ఎప్పటిలా వాడి ముందు పెట్టాలా,
నా మోకాలి దగ్గరే ఉంచుకోవాలా?

టమాటాలు ఇంకా కోయలేదు.